లెక్కకు కావలి: భాగింపకయే శేషము నెఱుగు సూత్రములు



చేని గట్టును పొరుగువాడు జానెడు జరిపినచో మఱునాటికే మనకు తెలియును. సంఘపు పుస్తకములో మన పేర నున్న పద్దులో రెండంకెలు చోటు మాఱినచో ఏడాది గడిచినను తెలియదు. గట్టును మన కంటితో చూచుకొనుచున్నాము. పద్దును మాత్రము గుమాస్తా చదివి వినిపింపగా తల యూచి వ్రాలు చేయుచున్నాము. మనకు లెక్క రాకపోవుట దీనికి కారణము కాదు. సంతలో బేరమును నోటితోనే తేల్చువారు మనలో పెక్కండ్రు గలరు. పెద్ద లెక్కను మొదటినుండి మరల చేసి సరిచూచుటకు తీరిక చాలదు. వెనుక పదిమంది నిలువబడి యుందురు. కావున లెక్కను మరల చేయకయే అది తప్పియున్నదేమో పసిగట్టు ఉపాయము కావలెను. అట్టి యుపాయము అంకెలయందే యున్నది.

ఒక సంఖ్య మఱియొక సంఖ్యచేత శేషము లేకుండ భాగింపబడునో లేదో, భాగహారము చేయకయే, దాని అంకెలను చూచి చెప్పు సూత్రములు కొన్ని గలవు. వీనిని మనలో చాలమంది బడిలో నేర్చి, పరీక్ష ముగియగానే మఱచియున్నారు. ఈ పాఠమున వానిని కారణములతో వివరించి, ఎరువుల బిల్లునకు, భూమి కొలతకు, పాసుపుస్తకమునకు అవి యెట్లు పనికివచ్చునో చూపెదను. కాగితము, పెన్సిలు దగ్గఱ నుంచుకొని చదువుడు.

1. చివరి అంకెలను చూచి చెప్పు సూత్రములు

ఏ సంఖ్యనైనను కొన్ని పదులుగను, కొన్ని ఒకట్లుగను విడదీయవచ్చును. 347 అనగా 34 పదులు, 7 ఒకట్లు. పది 2 చేతను, 5 చేతను శేషము లేకుండ భాగింపబడును. కావున పదులెన్ని యున్నను వానివలన శేషము రాదు. చివరి యంకె యొక్కటి చూచిన చాలును.

చివరి యంకె 0, 2, 4, 6, 8 లలో నొకటియైనచో ఆ సంఖ్య 2 చేత భాగింపబడును. చివర 0 గాని 5 గాని యున్నచో 5 చేత భాగింపబడును. చివర 0 ఉన్నచో 10 చేత భాగింపబడును.

పది 4 చేత భాగింపబడదు గాని నూఱు భాగింపబడును. నూటికి ఇరువదియైదు నాలుగులు. కావున 4 కొఱకు చివరి రెండంకెలను చూడవలెను. 5,732 లో చివరి 32 నాలుగుచేత భాగింపబడును. కనుక మొత్తము సంఖ్యయు భాగింపబడును. ఇదే విధముగా వేయికి నూట ఇరువదియైదు ఎనిమిదులు గనుక 8 కొఱకు చివరి మూడంకెలను చూడవలెను. 25 కొఱకును, 50 కొఱకును చివరి రెండంకెలు చాలును.

మన పూర్వుల కొలతలు పెక్కు ఈ రెండు నాలుగుల మీదనే నడచినవి. తూమునకు నాలుగు కుంచములు, పుట్టికి ఇరువది తూములు. కుంచములలో చెప్పిన ధాన్యము సరిగా తూములగునో, కుంచములు మిగులునో తెలిసికొనుటకు చివరి రెండంకెలు చాలెడివి.

నేడు ఈ సూత్రము వడ్డీ లెక్కకు పనికివచ్చును. దినముల లెక్కన వడ్డీ కట్టునప్పుడు ఆ యేడు 365 దినములదో 366 దినములదో తెలియవలెను. సంవత్సరపు సంఖ్య 4 చేత భాగింపబడినచో ఫిబ్రవరికి 29 దినములు. 2024 అట్టిది, 2026 కాదు. నూఱ్లతో ముగియు సంవత్సరములు మాత్రము 400 చేత భాగింపబడవలెను. అందుచే 2000 సంవత్సరమునకు 366 దినములు వచ్చినవి. 2100 కు రావు.

ఇక ఎరువుల బిల్లు. ఒక ఎరువు బస్తా 1,350 రూపాయలని యనుకొందము. 1,350 అను సంఖ్య 50 చేత భాగింపబడును. కావున ఎన్ని బస్తాలు కొన్నను, కూలి మొదలగు ఇతర ఖర్చులు కలుపనంతవఱకు, మొత్తము చివర 00 గాని 50 గాని యుండవలెను. 37 బస్తాలకు 49,950 రూపాయలు. బిల్లులో 49,590 అని యుండెనేని గుణించి చూడనక్కఱలేదు. చివరనున్న 90 చూచినంతనే తప్పని చెప్పవచ్చును.

2. అంకెలను కూడి చెప్పు సూత్రములు

ఈ పాఠమునకు గుండెకాయ వంటిది తొమ్మిది సూత్రము. దీని కారణమును కాయలు పోసి చూచినచో సులభముగ తెలియును.

పది కొబ్బరికాయలను తొమ్మిదేసి చొప్పున కుప్పలు పెట్టుడు. ఒక కుప్ప యగును. ఒక కాయ మిగులును. నూఱు కాయలను పెట్టినచో పదునొకండు కుప్పలకు 99 కాయలు పోయి ఒకటి మిగులును. వేయి కాయలకు 111 కుప్పలు, మిగులునది ఒకటియే. అనగా ప్రతి పదికిని, ప్రతి నూటికిని, ప్రతి వేయికిని ఒక్కొక్క కాయయే మిగులును.

ఇప్పుడు 4,725 కాయలున్నవనుకొనుడు. నాలుగు వేలనుండి నాలుగు, ఏడు నూఱ్లనుండి ఏడు, రెండు పదులనుండి రెండు, ఒకట్లనుండి ఐదు మిగులును. మిగిలినవి 4 + 7 + 2 + 5 = 18. ఇవి సరిగా రెండు కుప్పలు. కావున 4,725 తొమ్మిదిచేత శేషము లేకుండ భాగింపబడును. మనము చేసిన పని అంకెలను కూడుట యొక్కటియే.

3,860 ను తీసికొందము. 3 + 8 + 6 + 0 = 17; మరల 1 + 7 = 8. ఇది 9 చేత భాగింపబడదు. భాగించినచో శేషము 8. అంకెల కూడిక శేషము లేదని చెప్పుటయే గాక, ఉన్న శేషమెంతయో కూడ చెప్పుచున్నది. కడపట వచ్చిన ఈ యంకెను ఇకమీద "తొమ్మిది శేషము" అని పిలిచెదము. కడపట 9 వచ్చినచో శేషము 0 అని గ్రహింపవలెను. కూడునప్పుడు 9 అను అంకెను, కలిసి తొమ్మిదియగు 4, 5 వంటి జతలను విడిచిపెట్టవచ్చును, శేషము మాఱదు.

తొమ్మిదేసి కుప్పలను మూడేసి కుప్పలుగ విడదీయవచ్చును. కావున 3 నకును ఇదే సూత్రము: అంకెల మొత్తము 3 చేత భాగింపబడినచో సంఖ్యయు భాగింపబడును.

3. రెండు సూత్రములను జోడించుట

2 చేతను, 3 చేతను భాగింపబడు సంఖ్య 6 చేత భాగింపబడును. 3 చేతను, 4 చేతను భాగింపబడునది 12 చేత భాగింపబడును. 4 చేతను, 9 చేతను భాగింపబడునది 36 చేత భాగింపబడును. సంఘమునకు వచ్చిన 1,404 కిలోల విత్తనములను 36 మంది సభ్యులకు సమముగ పంచవలెననుకొనుడు. చివరి 04 నాలుగుచేత భాగింపబడును. అంకెల మొత్తము 9. కావున కిలోలు విడగొట్టకుండ పంచవచ్చును. ఒక్కొక్కరికి 39 కిలోలు.

ఇచ్చట నొక హెచ్చరిక. జోడించు రెండు సంఖ్యలకును 1 తప్ప వేఱు సామాన్య భాజక ముండరాదు. 4 చేతను, 6 చేతను భాగింపబడినదెల్ల 24 చేత భాగింపబడుననుకొన్నచో మోసపోవుదుము. 12 అను సంఖ్య 4 చేతను, 6 చేతను భాగింపబడును గాని 24 చేత భాగింపబడదు. 24 కొఱకు 3 ను, 8 ని జోడింపవలెను.

2018 నుండి యూరియా సంచి 45 కిలోలది. అంతకు పూర్వము 50 కిలోలది. 45 అనగా 5 × 9. కావున నిండు సంచులుగ వచ్చిన యూరియా మొత్తము బరువు చివర 0 గాని 5 గాని యుండవలెను. అంకెల మొత్తము 9 చేత భాగింపబడవలెను. 2,385 కిలోలన్నచో చివర 5, అంకెల మొత్తము 18. ఇది 53 సంచులు. 2,375 కిలోలని వ్రాసియున్నచో అంకెల మొత్తము 17. సంచి విప్పియైన నుండవలెను, లెక్క తప్పియైన నుండవలెను. ఏది జరిగెనో అడుగుటకు మీకు హక్కు గలదు.

4. పదునొకండు సూత్రము

పది పదునొకండు కంటె ఒకటి తక్కువ. నూఱు, తొంబదితొమ్మిది కంటె ఒకటి ఎక్కువ. 99 లో తొమ్మిది పదునొకండ్లున్నవి. వేయి, 1,001 కంటె ఒకటి తక్కువ. 1,001 లో 91 పదునొకండ్లున్నవి. ఇట్లు ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ వచ్చుచుండును. కావున కుడివైపునుండి మొదలిడి ఒక అంకెను కలుపుచు, తరువాతి యంకెను తీసివేయుచు పోవలెను. తుదకు 0 గాని 11 గాని వచ్చినచో సంఖ్య 11 చేత భాగింపబడును. వేఱంకె వచ్చినచో అదియే శేషము. సున్నకు తక్కువ వచ్చినచో 11 కలుపుకొనవలెను. 11 కు మించినచో 11 తీసివేయవలెను.

దీని యుపయోగము భూమి కొలతలో చూడుడు. ఎకరమునకు 40 గుంటలు; గుంటకు 121 చదరపు గజములు. 121 అనగా 11 × 11. కావున నిండు గుంటలుగ నున్న భూమిని చదరపు గజములలో చెప్పినచో ఆ సంఖ్య తప్పక 11 చేత భాగింపబడవలెను. సెంట్ల వాడుక గల ప్రాంతములందు సెంటునకు 48.4 చదరపు గజములు. ఐదు సెంట్లకు 242. ఇదియు 11 చేత భాగింపబడును. అందుచే ఐదు, పది, పదునైదు సెంట్ల భూములకును ఈ పరీక్ష చెల్లును.

15 గుంటలకు 1,815 చదరపు గజములు. 5 − 1 + 8 − 1 = 11; సరియైనది. నకలు వ్రాయువాడు దీనిని 1,185 అని వ్రాసెననుకొనుడు. 5 − 8 + 1 − 1 = −3; పదునొకండు కలుపగా 8. తప్పు పట్టుబడినది. పోయినది 630 చదరపు గజములు, అనగా ఐదు గుంటలకు పైమాట. తొమ్మిది సూత్రము ఈ తప్పును పట్టజాలదని గమనింపుడు. 1,815 అంకెల మొత్తము 15. 1,185 అంకెల మొత్తమును 15 యే. అంకెలు చోటు మాఱినను వాని మొత్తము మాఱదు గదా! పక్కపక్క అంకెలు తాఱుమాఱైనచో తొమ్మిది గ్రుడ్డిది, పదునొకండునకు కన్నున్నది.

5. ఏడు సూత్రము

7 నకు పైవానివలె తేలికయైన సూత్రము లేదు. 98 ఏడుచేత భాగింపబడును గనుక ప్రతి నూటికి 2 మిగులును. కావున చివరి రెండంకెలను విడిచి, ముందున్న సంఖ్యను రెట్టించి, ఆ రెండంకెల సంఖ్యకు కలుపవలెను. 1,456 కు: 14 × 2 = 28; 28 + 56 = 84. ఇది పన్నెండేడులు, కావున 1,456 భాగింపబడును. రోజు కింతయని సమముగ నడచు కూలికిగాని, పాలకుగాని వారపు లెక్క చూచునప్పుడు ఇది పనికివచ్చును.

6. కూడికను, హెచ్చవేతను సరిచూచుట

ఒక సభ్యుడు నాలుగు వాయిదాలలో 4,725, 3,860, 2,948, 5,307 రూపాయలు చెల్లించెను. పుస్తకములో మొత్తము 16,840 అని యున్నది. వీని తొమ్మిది శేషములు వరుసగా 0, 8, 5, 6. వీనిని కూడగా 19; 1 + 9 = 10; కడపట 1. ఇక 16,840 అంకెల మొత్తము 19. దీనికిని కడపట 1. రెండును సరిపోయినవి. గుమాస్తా నూఱ్ల వరుసలో మోయవలసిన ఒకటిని మఱచి 16,740 అని వ్రాసియున్నచో దాని శేషము 0. తప్పు వెంటనే బయటపడును.

హెచ్చవేతకును ఇట్లే. 1,286 కిలోల వేరుసెనగ, కిలో 64 రూపాయల చొప్పున 82,304 రూపాయలు. 1,286 కు తొమ్మిది శేషము 8; 64 కు 1; 8 × 1 = 8. 82,304 కును 8. సరిపోయినది. రశీదులో 82,034 అని యున్నచో? శేషము మరల 8 యే. రైతునకు 270 రూపాయలు నష్టమైనను తొమ్మిది పలుకలేదు. అప్పుడు పదునొకండును పిలువవలెను. 1,286 కు: 6 − 8 + 2 − 1 = −1, అనగా 10. 64 కు: 4 − 6 = −2, అనగా 9. 10 × 9 = 90; ఎనిమిది పదునొకండ్లు 88 పోగా 2. కావున సరియైన మొత్తమునకు శేషము 2 ఉండవలెను. 82,304 కు: 4 − 0 + 3 − 2 + 8 = 13, అనగా 2. సరి. 82,034 కు: 4 − 3 + 0 − 2 + 8 = 7. తప్పు.

పైసలున్నచో చుక్కను విడిచి మొత్తమును ఒకే సంఖ్యగ తీసికొనవచ్చును. ఈ సౌకర్యము మన పెద్దలకు లేకుండెను. రూపాయికి పదునాఱణాలు, అణాకు పన్నెండు పైలు. రూపాయలను, అణాలను పైలుగ మార్చి, రూపాయి యొక్కంటికి 192 చొప్పున లెక్కించినగాని ఈ పరీక్ష సాగెడిది కాదు. 1957 ఏప్రిలు 1 నుండి దశాంశ నాణెములు వచ్చి ఈ చిక్కు తొలగినది.

ఈ విద్య మనకు క్రొత్తది కాదు. క్రీస్తు శకము 10వ శతాబ్ది వాడని చెప్పబడు రెండవ ఆర్యభటుడు తన మహాసిద్ధాంతమున తొమ్మిది శేషముతో లెక్కను పరీక్షించు విధమును చెప్పియున్నాడు. 9వ శతాబ్దిలో మహావీరాచార్యుడు సంస్కృతమున రచించిన గణితసార సంగ్రహమును పావులూరి మల్లన తెనిగించెను. తెలుగున గణితము వ్రాయుట అంత పూర్వమే మొదలైనది. ఈ భావమే నేటి సంఖ్యలలోను నడచుచున్నది. మన ఆధారు సంఖ్యలోని 12 అంకెలలో చివరిది పరీక్షాంకె; ముందున్న అంకెలను ఎవరైన తప్పుగ కొట్టినచో పట్టుటకై అది చేర్చబడినది. 2007 కు పూర్వము గ్రంథములపై ముద్రించుచుండిన 10 అంకెల సంఖ్యకు పదునొకండే కావలి.

7. చిట్టాయు, ఆవర్జాయు సరిపోనప్పుడు

చిట్టా మొత్తమునకును, ఆవర్జా మొత్తమునకును భేదము వచ్చినచో పుస్తకములన్నియు మొదటినుండి తిరుగవేయుట మన వాడుక. అంతకుముందు భేదమునే ప్రశ్నింపవలెను. అది తఱచు తప్పున్న చోటు చెప్పును.

భేదము సరిసంఖ్యయైనచో దానిని సగము చేయుడు. జమ వ్రాయవలసిన పద్దును ఖర్చున వ్రాసినప్పుడు భేదము ఆ పద్దునకు రెండింతలగును. కావున సగము మొత్తము గల పద్దును వెదకవలెను. పైసలు లేని లెక్కలలో భేదము బేసిసంఖ్యయైనచో ఇట్టి తప్పు ఒక్కటియే కారణము కాజాలదు.

భేదము 9 చేత భాగింపబడినచో అంకెలు తాఱుమాఱైనవేమో చూడుడు. పక్కపక్క నున్న రెండంకెలు చోటు మార్చుకొన్నప్పుడు వచ్చు భేదము ఎల్లప్పుడును 9 చేత భాగింపబడును. భేదము 27 అయినచో 27 ÷ 9 = 3; ఒకట్ల స్థానమునను, పదుల స్థానమునను నున్న అంకెల నడుమ తేడా 3 గల పద్దులను వెదకుడు. 85 కు బదులు 58, 41 కి బదులు 14 అట్టివి. ఒక సున్న అధికముగ పడి 450 కి బదులు 4,500 వ్రాసినచో భేదము 4,050; 9 చేత భాగించినచో 450, అనగా పద్దే బయటపడును.

నే నెఱిగిన యొక గ్రామ సంఘమున ఏడాది చివర లెక్కలు ముగించునప్పుడు ఆవర్జా మొత్తము చిట్టా కంటె 630 రూపాయలు తక్కువ వచ్చెను. సొమ్ము పెద్దది కాకపోయినను మాట పెద్దదయ్యెను. గుమాస్తా పేదవాడు, ఆ యేడే కూతురికి పెండ్లి చేసియుండెను. ఎవరో సభ్యుడు కట్టిన సొమ్ము పుస్తకమున కెక్కలేదనియు, అది యెచ్చటికి పోయినదో చెప్పనక్కఱలేదనియు కొందఱు గొణుగసాగిరి. పంచాయతుదారులలో ఒక వృద్ధుడు పూర్వము బడిపంతులుగ నుండినవాడు. ఆయన 630 ని తొమ్మిదిచేత భాగించి, డెబ్బది వచ్చెననియు, నూఱ్లలోను పదులలోను ఏడు తేడాగల అంకెలు తిరుగబడి యుండవచ్చుననియు చెప్పెను. ఆవర్జాలో తక్కువ పడినది గనుక ఆ రెండు స్థానములలో 07 గాని, 18 గాని, 29 గాని యున్న పద్దులనే చూడుడని చెప్పి, తాను చిట్టా తెఱచి కూర్చుండెను. అట్టి పద్దులు ఆవర్జా యంతటిలో పదునొకండు మాత్రమే యుండెను. నాల్గవదానియొద్దనే తప్పు దొరకెను. ఒక విధవరాలు అప్పు క్రింద చెల్లించిన 3,810 రూపాయలు ఆవర్జాలో 3,180 గ నెక్కియుండెను. సరిదిద్దనిచో ఆమె చెల్లించిన 630 రూపాయలకు మరల వడ్డీ కట్టవలసివచ్చెడిది. గుమాస్తా యేమియు మాటాడలేదు. ఆవర్జాను మూసి, కండువాతో మొగము తుడుచుకొని, ఆమెకు కబురుపంపెను.

8. ఈ పరీక్షలు చెప్పజాలనివి

పరీక్షలో తప్పినది తప్పే. ఇందు సందేహము లేదు. పరీక్షలో నిలిచినది మాత్రము ఒప్పని నిశ్చయింపరాదు. ఎట్లుపడిన నట్లు జరిగిన తప్పులలో సుమారు తొమ్మిదింట నొకటి తొమ్మిది పరీక్షను దాటిపోవును. పదునొకండింట నొకటి పదునొకండు పరీక్షను దాటును. రెండు పరీక్షలును చేసినచో 99 తప్పులలో ఒకటి మాత్రమే దాటును. కావున పెద్ద మొత్తములకు రెండును చేయుడు. 0 కు బదులు 9 వ్రాసినను, 9 కి బదులు 0 వ్రాసినను తొమ్మిది పట్టజాలదు, పదునొకండు పట్టును. భేదము 9 చేత భాగింపబడినంత మాత్రమున అంకెలు తాఱుమాఱైనవని నిశ్చయము కాదు. ముందుగ వెదకవలసిన చోటు తెలిసినదని మాత్రమే.

కంప్యూటరులున్నవి గదా, ఈ శ్రమ యేల యని కొంద ఱడుగుదురు. యంత్రము కూడికలో తప్పదు. అయితే 3,810 కి బదులు 3,180 కొట్టినచో ఆ 3,180 నే తప్పులేకుండ కూడి పెట్టును. కొట్టినవాని వ్రేలిని అది యెఱుగదు.

అట్లే తూకము తప్పినచో అంకెలేమియు చెప్పవు. కాటా సరిగా నున్నదో లేదో కాటాయొద్దనే చూచుకొనవలెను. అంకెల కావలి కాగితమునకే. ధాన్యమునకు మీ కన్నే కావలి. వ్రాలు చేసి యింటికి వచ్చిన పిదప తప్పును వెదకుట చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొనుట వంటిది. వ్రాలు చేయుటకు ముందు ఒక నిమిషము అంకెలను కూడి చూడుడు. తప్పు కనబడినచో గుమాస్తాను నిందింపక, "ఈ పద్దును మఱియొకమాఱు చూడుడు" అని యడుగుడు. మంచి గుమాస్తా దీనికి సంతసించును.

అభ్యాసము

ఇంటియొద్ద బడికి పోవు పిల్లలతో కూర్చుండి వీనిని చేయుడు.

1. 7,236 అను సంఖ్య 2, 3, 4, 5, 6, 8, 9, 11 లలో వేనిచేత భాగింపబడును?

2. నిండు సంచులుగ 3,195 కిలోల యూరియా వచ్చినదని బిల్లు చెప్పుచున్నది. ఇది సాధ్యమా? సంచులెన్ని?

3. 23 గుంటల భూమికి 2,873 చదరపు గజములని యొక కాగితమున నున్నది. సరియేనా?

4. 418 కిలోల సరకు, కిలో 57 రూపాయల చొప్పున 23,286 రూపాయలని రశీదు. తొమ్మిదితోను, పదునొకండుతోను పరీక్షింపుడు.

5. చిట్టాకును, ఆవర్జాకును 54 రూపాయలు భేదము. ఎట్టి పద్దులను ముందుగ వెదకవలెను?

జవాబులు

1. 2, 3, 4, 6, 9 చేత.

2. సాధ్యమే, అంకెల మొత్తము 18, చివర 5. సంచులు 71.

3. తప్పు, పదునొకండు శేషము 2 వచ్చుచున్నది. సరియైనది 2,783.

4. తొమ్మిది పరీక్షలో నిలుచును. 418 పదునొకండుచేత భాగింపబడును గనుక మొత్తమును భాగింపబడవలెను, 23,286 భాగింపబడదు. సరియైనది 23,826.

5. 54 ÷ 9 = 6. పదుల స్థానమునను, ఒకట్ల స్థానమునను 60, 71, 82, 93 గాని, తిరుగబడి 06, 17, 28, 39 గాని యున్న పద్దులను. అవి కానిచో 54 లో సగమగు 27 రూపాయల పద్దును.